ఆ పిల్ల అనని మాట

గంగమ్మ తల్లి సాక్షిగా, గుప్పిట్లో ఉప్పు పట్టుకుని చెబుతున్నాను. ఇందులో నేను రాసే ప్రతి మాటా నిజం. అబద్ధమైతే నా పడవ నడిసముద్రంలో బోర్లపడుగాక. నాకు అసలు పడవే లేదని ఎవరైనా మీతో అంటే నమ్మకండి. మా ఊరివాళ్లకు నా మీద మొదటినుంచీ కుళ్లు.

ఒట్టు ఇంత గట్టిగా పెట్టడానికి కారణముంది. బోగోలుకు తూర్పుగా సముద్రం ఒడ్డున ఉన్న మా పాలెంలో, వయసులో ఉన్నప్పుడు నాకు రెండు పనుల్లో పేరుండేది. ఒకటి పంచాయతీ రేడియో మీట తిప్పడం, రెండోది కోతలు కోయడం. సొరచేప కడుపు కోస్తే తపాలా సంచి బయటపడిందనీ, అందులో ఉత్తరాలు తడవకుండా ఉన్నాయనీ, ఒకటి మా మేనత్త పేరునే ఉందనీ చెప్పింది నేనే. మా మేనత్త ఆ ఉత్తరం కోసం చాలాకాలం నా వెంటపడింది. ఆ తర్వాత నేను పొద్దు పొడిచిందన్నా జనం ఒకసారి బయటికొచ్చి చూసుకుని పోయేవాళ్లు.

రేడియో మా పాలేనికి యాభైల చివర్లో వచ్చింది. పెట్టెను పంచాయతీ గదిలో తాళం వేసి ఉంచేవాళ్లం. గరాటా లాంటి దాని నోరు మాత్రం బయట రచ్చలో గుంజకు కట్టి ఉండేది. రచ్చ అంటే పెద్ద తాటాకు పందిరి. వలలు అల్లుకునేది అక్కడే, తగవులు తీర్చుకునేదీ అక్కడే. పొద్దుగూకే వేళ నేను మీట తిప్పితే మగవాళ్లంతా పందిరి కింద చేరేవాళ్లు. ఆడవాళ్లు బయట ఇసుకలో నిలబడి వినేవాళ్లు.

మొదట్లో దాన్ని ఎవరూ లెక్కచేయలేదు. ఒక ఏడు, గాలివాన వస్తుంది, వేటకు పోవద్దు అని రేడియో చెప్పింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. “పెట్టెకేం తెలుసురా సముద్రం సంగతి” అని ఒకే ఇంటి మగవాళ్లు తెప్ప వేసుకుని లోపలికి పోయారు. తెప్ప కట్టెలు విడివిడిగా దక్షిణాన ఎక్కడో ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనుషులు రాలేదు. ఆ ఇంట్లో గాజులు పగలగొట్టిన రోజున పాలెం పెద్ద, పెద్దకాపు అంటాం ఆయన్ని, రచ్చలో నిలబడి ఒక కట్టుబాటు పెట్టాడు.

“ఈ పొద్దు నించి రేడియోలో వచ్చిన మాట రచ్చలో పడిన మాటే. దాన్ని దాటినోడికి దురాయి.”

దురాయి పడితే ఆ ఇంటికి నిప్పు ఇవ్వరు, నీళ్లు ఇవ్వరు, వాళ్ల వలకు ఎవరూ చెయ్యి వేయరు. ఇక రచ్చలో పడిన మాటకు మా పాలెంలో ఉన్న విలువ రాతకోతలకు కూడా లేదు. పిల్లనిస్తానని అక్కడ ఒక మాట నోరుజారితే పెళ్లి ఖాయమైనట్టే. దాన్ని వెనక్కి తీసుకోవాలంటే, అన్న నోరే మళ్లీ రచ్చలో అనాలి. మరో నోరు పనికిరాదు.

నేను చెప్పబోయే పిల్ల మా పాలెంలోనే పుట్టింది. వాళ్ల అమ్మ బిట్రగుంట రైలు కాలనీలో చేపలమ్మేది. తెల్లారి పాసింజరు రాకముందే బుట్టలు స్టేషను దగ్గరికి చేరాలి, లేకుంటే కావలి నుంచి వచ్చినవాళ్లు బేరం కొట్టుకుపోతారు. అందుకని మా ఆడవాళ్లు నడవరు, ఉరుకుతారు. బుట్టలోంచి కారే చేపనీళ్లు వీపు మీద పడకూడదంటే మనిషి నీళ్లకంటే ముందుండాలి. అమ్మతోపాటు బుట్ట మోసే ఆ పిల్ల వీపు ఎప్పుడూ పొడిగానే ఉండేది. ఇది మాత్రం కోత కాదు, నేను కళ్లారా చూశాను.

ఆ పిల్ల చదివే రైలు కాలనీ హైస్కూలు డ్రిల్లు మాస్టరు ఒకరోజు ఆ ఉరుకు చూశాడు. బుట్ట దించి పరిగెత్తమన్నాడు. అంతే. జిల్లా పోటీల్లో గెలిచింది. ఆ తర్వాత రాష్ట్రం పోటీల్లో, ఉత్త కాళ్లతో, లంగా మోకాళ్లదాకా ఎగదోపుకుని, నాలుగు వందల మీటర్ల పందెంలో గెలిచింది. మాస్టరు పాలేనికొచ్చి వాళ్ల నాయనకు చెప్పాడు: వేసవిలో రాజధానిలో క్యాంపు పెడతారు, అక్కడ ఎంపికైతే దేశమంతటి పోటీలకు పంపుతారు, గెలిస్తే రైల్వేలో ఉద్యోగం కూడా రావచ్చు. ఆ నాయన తెప్ప మీద పుట్టి తెప్ప మీద పెరిగినవాడు. కూతురు రైలెక్కడం కాదు, రైలే కూతురికి జీతమిస్తుందంటే ఆయన ఆ ముక్క మాస్టరుచేత రెండుసార్లు చెప్పించుకున్నాడు. అప్పటికే ఆ పిల్ల మేనమామ తన కొడుక్కి అడుగుతున్నాడు. “క్యాంపు కానీ బావా, తర్వాత చూద్దాం” అని ఈయన వాయిదా వేస్తూ వచ్చాడు.

రాష్ట్రం పోటీల విశేషాలు రేడియోలో వస్తాయని తెలిసి ఆ సాయంత్రం పాలెమంతా రచ్చ దగ్గరే ఉంది. ముందు మగపిల్లల సంగతి వచ్చింది. ఫలానావాడు ఫలానా పందెం ఇంత సేపట్లో ముగించాడు, పాత రికార్డు ఇంత, అడుగులు ఇలా వేశాడు, మలుపు దగ్గర ఊపిరి ఇలా బిగబట్టాడు అని చెప్పుకొచ్చారు. వింటుంటే మనమే పరిగెత్తినంత ఆయాసం వచ్చింది. తర్వాత మా పిల్ల వంతు. “ఇక బాలికల విభాగంలో, వాలుజడ ఊగుతుండగా లేడిపిల్లలా గెంతులు వేస్తూ వచ్చిన ఒక కోమలాంగి అందరి మనసులనూ దోచుకుంది. బహుమతి అందుకునేటప్పుడు ఆమె బుగ్గలు సిగ్గుతో ఎరుపెక్కాయి.” అంతటితో అయిపోయింది.

“ఎవురబ్బా ఈ కోమలాంగి?” అన్నాడు వల అల్లుతున్న ముసలాయన. “మన పిల్ల చెయ్యి ఆయన చూడలా. మోకు లాగి లాగి తెడ్డు మాదిరి అయిపోయుండాది.”

“బుగ్గలు ఎరుపెక్కినాయంట! కారునలుపు బుగ్గ ఎట్టా ఎరుపెక్కతాదే?” అని ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు.

ఆ పిల్ల నవ్వలేదు. నేను పెట్టెకు తాళం వేస్తుంటే గది గుమ్మం దగ్గరికి వచ్చింది.

“అన్నా, నా టయిం చెప్పినారా?”

“చెప్పలా మే. నీ జడ చెప్పినారు.”

“జడకు టయిమెందుకు? మాస్టరు గడియారం పట్టుకున్నాడు గదా, ఆయన్నడిగితే చెప్పుండునే.”

అప్పటికి నేను ఆ రేడియో దగ్గర కూర్చుని కొన్నేళ్లయింది. అంతకుముందు ఎంత విన్నా చెవికెక్కని సంగతి ఆ రోజు ఎక్కింది. మగవాడు పరిగెత్తితే రేడియోలో కాళ్లు వినపడతాయి. ఆడపిల్ల పరిగెత్తితే కాళ్లు తప్ప అన్నీ వినపడతాయి. బంతాట ఆడినామెకు ఇద్దరు బిడ్డలని చెప్పేవాళ్లు, ఎన్ని ఆటలు గెలిచిందో చెప్పేవాళ్లు కాదు. ఈత పోటీలో మొదటొచ్చినామెను జలకన్య అనేవాళ్లు. రెండో స్థానంలో వచ్చినామెను ఏమనాలో తెలియక వదిలేసేవాళ్లు. కావలిలో డేరా సినిమాకు పోతే, అసలు బొమ్మకు ముందు వేసే వార్తల రీలులోనూ అంతే. మగవాళ్లు దారం తెంపుతూ కనపడేవాళ్లు. ఆడవాళ్లు పందెమైపోయాక అద్దంలో చూసుకుంటూ తల దువ్వుకోవడం కనపడేది. డేరాలో ఈలలు పడేవి. నేనూ వేశాను. ఈల బాగా వేస్తాను.

పోటీలైన కొన్నాళ్లకు రేడియో కేంద్రం నుంచి పిలుపు వచ్చింది. స్త్రీల కార్యక్రమంలో ఆ పిల్లతో ముచ్చటిస్తారట. ఏ ఊరి కేంద్రమో చెప్పను. మీరు ఊహించుకున్నది తప్పు. పిల్లకు తోడుగా వాళ్ల అమ్మా, దారి తెలిసినవాణ్ణని నేనూ వెళ్లాం. నాకు దారి తెలియదు. రేడియో తిప్పేవాడికి రేడియో ఉండే చోటు తెలియకపోతుందా అని వాళ్లే అనుకున్నారు.

లోపల చల్లగా ఉంది. గోడలకు చిల్లుల అట్టలు కొట్టి ఉన్నాయి. మాట్లాడితే మన గొంతు మనకే పరాయిగా వినపడింది. అమ్మను బయట గదిలో కూర్చోబెట్టి, పళ్లెంలో కప్పు పెట్టి కాఫీ ఇచ్చారు. కప్పు జారుతుందేమోనన్న భయంతో ఆమె కాఫీ అయ్యేదాకా కదల్లేదు. నన్ను మాత్రం పిల్లకు ధైర్యంగా ఉంటుందని లోపలికి రానిచ్చారు. ప్రశ్నలడిగినావిడ మంచి మనిషి. గొంతు తేనె.

“వంట వచ్చా అమ్మా?”

“చేపల పులుసు మా నాయనే బాగా చేస్తాడు. నేను తింటాను.”

“ఎండలో అలా పరిగెత్తితే నల్లబడిపోతావని దిగులు లేదూ?”

“పుట్టడమే నల్లగా పుట్టినా గదక్కా. ఇంకేం నలుపుతాది ఎండ?”

“మరి పెళ్లెప్పుడు?”

“పెళ్లేమన్నా పందెమా, తొందరపడేదానికి? ముందు క్యాంపుకు పోవాల.” అని, “నా టయిం చెప్తానక్కా, రాసుకో” అంది.

ఆవిడ నవ్వింది. అద్దం అవతల కూర్చున్న అధికారి మాత్రం నుదురు రుద్దుకున్నాడు. యాస మోటుగా ఉంది, శ్రోతలకు అర్థం కాదు, మేము సరిచేసి మా గొంతుతో చదివించి వేస్తాం అన్నాడు. ఆ యాస మాట్లాడే శ్రోతలం ఇద్దరం ఆయన ఎదురుగానే ఉన్నాం. మేము వెళ్లిపోయేటప్పుడు బయట గదిలో అమ్మను కూడా నాలుగు మాటలు అడిగి కాగితం మీద గీసుకున్నాడు. “సంబంధం చూశారా?” అంటే “మేనబావ ఉండాడు సామీ” అని ఆమె ఉన్నమాట చెప్పింది.

అది ప్రసారమైన సాయంత్రం రచ్చ నిండిపోయింది. గరాటాలోంచి తేనెగొంతు మొదలైంది. ఆ పిల్ల పేరు చెప్పి, “నేను” అంది. నాకు ముగ్గులంటే ప్రాణం అంది. లేత గులాబీ రంగు చీర ఇష్టమంది. పాలెంలో గులాబీ చూసినవాళ్లు లేరు, జనం నవ్వడం మొదలుపెట్టారు. అంతలో ఆ గొంతు ఇలా అంది:

“ఈ పరుగులన్నీ కన్నెవయసు సరదాలే కదండీ. రాబోయే మాసంలో మా మేనబావ చేయి అందుకుని ఆ ఇంటి దీపం కావాలన్నదే నా కోరిక. ఆడపిల్లకు అంతకుమించిన పతకం ఏముంటుంది?”

నవ్వు ఆగిపోయింది. పందిరి కింద కూర్చున్న మేనమామ లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

“విన్నారు గదా అందురూ. రచ్చలో పడింది మాట. నెల కూడా అదే చెప్పింది.”

“ఆ గొంతు నా బిడ్డది కాదు!” అన్నాడు నాయన.

“పేరు ఎవురిది బావా? నీ బిడ్డది కాదా?”

నేను పెట్టె వదిలి బయటికి ఉరికాను. “పెద్దకాపా, నేను ఆడనే ఉండా. ఆ పిల్ల ఈ మాట అనలా. పెళ్లేమన్నా పందెమా అనింది. అద్దం యెనకాలోడు కాయితం మీద మార్చి రాసినాడు.”

రచ్చ ఒక్కసారి గొల్లున నవ్వింది. “అద్దం యెనకాల ఇంకెవురున్నార్రా, తపాలా సంచి మోసిన సొరచేపా?” అన్నారెవరో. పెద్దకాపు నవ్వలేదు. నా వైపు చూసిన చూపులో జాలి ఉంది. “నువ్వు నిజం చెప్తా ఉండొచ్చు అబ్బయా,” అన్నాడు. “కానీ నీ నోట్లో నించి వచ్చినాక దాన్ని నిజమని ఎట్టా కనుక్కునేది?”

పిల్లను పిలిచారు. ఇసుకలోంచి వచ్చి పందిరి అంచున నిలబడింది. “నేను అనలా,” అంది. అదొక్కటే.

“నువ్వు అనకుంటే నీ పేరుతో అనిందెవురు?”

“ఎవురో ఒకామె. మంచామే.”

పెద్దకాపు గడ్డం గోక్కున్నాడు. చెడ్డమనిషి కాదాయన. తెప్ప మీద పోయినవాళ్లలో ఒకడు ఆయన చిన్నల్లుడు. అప్పుడు ఆయన అన్న మాట ఇది.

“చూడు తల్లీ. రేడియో నీ సంగతిలో అబద్ధం చెప్పిందని ఈ పొద్దు రచ్చలో ఒప్పుకున్నామే అనుకో. రేపు గాలొస్తాది, పోవద్దు అంటాది. పిలకాయలు ఏమంటారు? ఆ పిల్ల కాడ అబద్ధమాడలా, ఇదీ అంతే అని తెప్పలు దించుతారు. మళ్లీ కట్టెలే వస్తాయి ఒడ్డుకి. నీ పరుగు కోసరం ఆ కట్టుబాటు ఇప్పమంటావా?”

ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది. తెప్ప పోయిన ఇంటి ఆడవాళ్లు అక్కడే ఇసుకలో నిలబడి ఉన్నారు. వాళ్ల ముందు ఏమంటుంది?

“ఒకటే దోవ,” అన్నాడు పెద్దకాపు. “అన్న నోరే వెనక్కి తీసుకోవాల. అదే రేడియో, ఇదే రచ్చలో, అది తప్పు మాటని చెప్తే పిల్ల క్యాంపుకు పోతాది. లేదంటే వచ్చే నెల పెళ్లి.”

మర్నాడే నేను రేడియో కేంద్రానికి బస్సెక్కాను. ఆ అధికారి నన్ను గుర్తుపట్టాడు, కుర్చీ కూడా వేయించాడు. సంగతంతా చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు.

“మేము ఆ అమ్మాయిని ఒక్క చెడ్డమాట అన్నామా? ఎంత ముద్దుగా రాశాం!”

“మగపిలకాయల గురించి ఇట్టా రాయరు గదయ్యా. వాళ్ల పెళ్లి సంగతి అడగరు గదా.”

“మగవాళ్ల పెళ్లి ఎవరికి కావాలయ్యా?” అని నవ్వాడు. “ఆడపిల్ల పరిగెత్తిందంటే వినేవాళ్లకు కొంచెం బెదురుగా ఉంటుంది. చివర్లో పెళ్లీ, ఇల్లూ అంటే కుదుటపడతారు. అందరి గురించీ అలాగే రాస్తాం. ఇంతవరకూ ఎవరూ తప్పన్లేదు.”

“ఒక్క ముక్క చెప్పండి సామీ. ఆ మాట ఆ పిల్ల అనలేదని. ఒక్క ముక్క.”

“వార్తల్లో తప్పొస్తే సవరిస్తాం. ఇది వార్త కాదు కదా, కాలక్షేపం.” అని గడియారం చూసుకున్నాడు.

నేను బయటికి వస్తుంటే తేనెగొంతావిడ గేటు దాకా వెంట వచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు. “నాకు తెలియదండీ, కాగితం ఇచ్చారు, చదివాను. ఈ వారంలో ఒకనాటి సాయంత్రం, వాతావరణం చెప్పేముందు, నేనే చెబుతాను. ఉద్యోగం పోతే పోనీ,” అంది. చెప్పినట్టే చెప్పింది. సాయంత్రం పూట, జనమంతా వల పనులు ఆపి వింటుండగా, అదే గొంతు వచ్చింది. ఆ పిల్ల పేరు చెప్పింది. “ఆ రోజు నేను చదివిన మాటలు ఆమెవి కావు, నన్ను క్షమించాలి” అంది. ఆ పిల్ల పందెం ఎంత సేపట్లో గెలిచిందో కూడా చెప్పింది. పెద్దకాపు లేచి, “నోరు వెనక్కి తీసుకునింది. పిల్ల పోవచ్చు” అన్నాడు. మేనమామ తువ్వాలు దులుపుకుని ఇంటికి పోయాడు. వేసవిలో డ్రిల్లు మాస్టరుతో కలిసి ఆ పిల్ల బిట్రగుంటలో రైలెక్కింది.

మొదట్లో ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి ఇక చెప్పక తప్పదు. పై పేరా నా కల్పన. గేటు దాకా వచ్చిన ఆవిడ కళ్లలో నీళ్లు లేవు. ఏ సాయంత్రమూ, వాతావరణానికి ముందూ, వెనకా, రేడియో ఆ ముక్క చెప్పలేదు. నేను మాత్రం రోజూ మీట తిప్పి, చెబుతారేమోనని చెవి పెట్టుకుని కూర్చున్నాను. ఎండుచేపల ధరలు చెప్పారు. వరిలో తెగుళ్ల గురించి చెప్పారు.

రేడియో చెప్పిన నెలలోనే పెళ్లి జరిగింది. లేత గులాబీ రంగు చీర కావలిలో దొరకలేదు, నెల్లూరు నుంచి తెప్పించారు. అది పిల్ల కోరికని రేడియోలో అందరూ విన్నారు మరి. క్యాంపుకు బయల్దేరాల్సిన రోజున మాస్టరు స్టేషనులో పాసింజరు వెళ్లిపోయేదాకా నిలబడ్డాడట. మేనబావ మంచివాడే. తాగడు, కొట్టడు. అందువల్ల ఆ పిల్ల తన దుఃఖం ఎవరికైనా చెప్పుకుందామన్నా, ‘నీకేం తక్కువే’ అని అందరూ అనేవాళ్లు. స్కూలు మానేసింది. బుట్ట నెత్తిన పెట్టుకుని అందరితోపాటు పోయేది. అందరి వెనక నడిచేది.

మిగిలినదంతా నిజం. ఆవిడ గేటు దాకా వచ్చిందన్నది కూడా నిజమే. ఆమె నన్ను అడిగింది మాత్రం వేరు.

“మీ ఊళ్లో అందరూ విన్నారా? బాగా చదివానన్నారా?”

“అన్నారమ్మా,” అన్నాను. నిజంగానే అన్నారు.